నిలవ నీళ్ళు, నిలిచిపోయిన మగ్గం

ఆ రోజుల్లో మా ఇంట్లో నీళ్ళు లేని మూల లేదు. వాకిట్లో రెండు నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు, పెరట్లో సిమెంటు తొట్టి, వంటింట్లో బిందెలు, రేకుల చూరు కింద పాత రంగు డబ్బాలు, మగ్గం పక్కన చేతులు కడుక్కోవడానికి ఒక బకెట్టు. చూసిన బంధువులు మీకు నీళ్ళకు కొదవ లేదు అనేవాళ్ళు. కొళాయి ఏ రోజు వస్తుందో తెలియని ఊళ్ళలోనే ఇళ్ళలో ఇన్ని నీళ్ళు ఉంటాయి. మాది ధర్మవరానికి దగ్గరలో ఒక నేతగాళ్ళ ఊరు. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా అంటున్నారు, అప్పుడు అనంతపురం జిల్లానే. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో అది ఒకటి. కొళాయి వచ్చిందంటే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలి పట్టుకోవాల్సిందే. అడుగున మిగిలిన నీళ్ళు ఎవరూ పారబోసేవాళ్ళు కాదు. వాటి మీదే కొత్త నీళ్ళు పోసుకునేవాళ్ళం. గుక్కెడు నీళ్ళ కోసం మైలు నడిచిన మా అత్త చూస్తుండగా డ్రమ్ము బోర్లించే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

మాది పట్టు నేత. షావుకారు పట్టూ జరీ ఇస్తే కూలికి నేసేవాళ్ళం. గుంత మగ్గం చూడనివాళ్ళు ఉంటారు కాబట్టి చెబుతున్నాను. నేలలో గుంత తీసి, దాని అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి దించి నేస్తాం. పట్టు పోగు ఎండితే తెగుతుంది. అందుకని మగ్గం ఉన్న గదికి పెద్ద కిటికీలు పెట్టరు, చల్లగా చీకటిగా ఉంచుతారు. గుంతలో ఎప్పుడూ చెమ్మే. పొద్దు పొడిచింది మొదలు రాత్రి దాకా ఇంట్లో ఎవరో ఒకరి కాళ్ళు ఆ గుంతలో ఉంటాయి. చేతిలో నాడె ఆడుతుండగా దోమ కుడితే గోక్కోవడానికి కూడా వీలుండదు. పగలు కుట్టే దోమ ఒకటుందని, అది చీకటి మూలల్లో, బట్టల వెనక, మంచాల కింద దాక్కుంటుందని, ఎక్కువగా కాళ్ళ మీదే వాలుతుందని, దాని పేరు ఈడిస్ అని మాకు ఎవరూ చెప్పలేదు. దోమంటే రాత్రి కుట్టేదే, దాని వల్ల వచ్చేది మలేరియానే. మా ఊరంతటికీ తెలిసింది అంతే.

2006 ఎండాకాలంలో పక్క వీధిలో జ్వరం మొదలైంది. దాని పేరు చికున్‌గున్యా అని మాకు తర్వాతే తెలిసింది. ఫలానా ఇంట్లో అందరూ పడిపోయారట, లేవలేకుండా ఉన్నారట అని విన్నాం. ఆ తర్వాత మా ఆయన. పొద్దున బాగానే మగ్గంలో కూర్చున్నాడు. మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే గుంతలోంచి కాళ్ళు పైకి తీసుకోలేకపోయాడు. నేనూ మా అబ్బాయీ చెరో రెక్కా పట్టి లేపాం. సాయంత్రానికి ఒళ్ళు కాలిపోతోంది. ఆయన ఇంకా మంచంలో ఉండగానే నాకు, తర్వాత మా అత్తకు, పిల్లలిద్దరికీ. పిల్లలకు జ్వరం, ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు వచ్చి త్వరగానే తగ్గాయి. పెద్దవాళ్ళను మాత్రం వదల్లేదు.

ఆ నొప్పి గురించి సరిగ్గా చెప్పాలి. ‘ఒళ్ళు నొప్పులు’ అని రాసి వదిలేస్తే అది అబద్ధమవుతుంది. మణికట్లు, వేళ్ళ కణుపులు, చీలమండలు, మడమలు, మోకాళ్ళు వాచిపోయాయి. చెంబు పట్టుకుంటే జారిపోయేది. లోపావడా బొందు ముడి వేసుకోలేక నా కూతురితో వేయించుకునేదాన్ని. పదేళ్ళ పిల్ల, తల్లికి చీర కట్టింది. సంగటి కెలకడానికి చేతిలో బలం లేక బియ్యం ఉడకేసి గంజీ మెతుకులూ తిన్నాం. అన్నిటికంటే ఘోరం బయటికి పోవడం. అప్పటికి మా ఇంట్లో మరుగుదొడ్డి లేదు. గొంతుక్కూర్చుంటే మళ్ళీ లేవలేం. చీకట్లో కంపచెట్ల దాకా గోడలు పట్టుకుని పోయి, అక్కడ లేవలేక ఏడ్చిన ఆడవాళ్ళు మా వీధిలో నేనొక్కదాన్నే కాదు. ఆ భయంతో తిండీ నీళ్ళూ తగ్గించేసుకున్నాం. జ్వరంలో ఉన్న మనిషి నీళ్ళు తాగకుండా ఉండటం ఎంత ప్రమాదమో ఏ డాక్టరును అడిగినా చెబుతారు. కానీ ఆ ప్రమాదం ఎందుకు వచ్చిందో చెప్పాలంటే మరుగుదొడ్డి లేని ఇల్లు చూసి ఉండాలి.

జ్వరం కొద్ది రోజులకే విడిచింది. తర్వాత ముక్కు మీద, చెంపల మీద నల్లటి మచ్చలు లేచాయి. వీధిలో ఎవరి ముఖం చూసినా ముక్కు నల్లగా. అది కూడా ఆ జబ్బు గుర్తే. మచ్చలు మెల్లగా పోయాయి గానీ కీళ్ళ నొప్పి పోలేదు.

మగ్గాలన్నీ ఆగిపోయాయి. నేతగాళ్ళ వీధిలో మగ్గం చప్పుడు చావుకూ, పండక్కీ తప్ప ఆగదు. ఆ ఎండాకాలం పట్టపగలు ఇళ్ళలోంచి మూలుగులు వినబడేవి. ఏం జబ్బో తెలియక తలా ఒక మాట అన్నారు. గాలి చేసిందన్నారు, అమ్మవారికి కోపం వచ్చిందన్నారు. కోడి మాంసం తింటే వస్తుందని ఎవరో పుట్టించిన మాట ఎంత గట్టిగా పాకిందంటే, కోళ్ళు పెంచుకుని బతికే వాళ్ళకు కూడా ఆ నెలల్లో కడుపు మాడింది. చేతనైన వాళ్ళు వేరే ఊళ్ళలో చుట్టాల ఇళ్ళకు పోయారు. వాళ్ళతో పాటు జబ్బూ పోయింది. జ్వరం వచ్చిన మొదటి వారంలో మనిషి రక్తంలో ఆ జబ్బు వైరస్ ఉంటుందని, అప్పుడు కుట్టిన దోమ ఇంకో మనిషికి దాన్ని అంటిస్తుందని, అందుకే జ్వరం మనిషిని పగలు కూడా దోమతెరలో పడుకోబెట్టాలని తెలిసి ఉంటే మా వీధి సగం మిగిలేదేమో. ఈ ఒక్క మాట డప్పు వేయించి చెప్పినా చాలేది. అందులో ఖర్చేమీ లేదు.

వైద్యమంటే మాకు ఆర్‌ఎంపీ డాక్టరే. ఆయన్ను తిట్టాలని లేదు. ఏ రాత్రి పిలిచినా సైకిలు మీద వచ్చిన మనిషి ఆయనొక్కడే. ఆయన వేసే సూది వేసిన పూట హాయిగా ఉండేది. చేతులు కదిలేవి, మగ్గం ఎక్కాలనిపించేది. రెండో రోజుకు నొప్పి మళ్ళీ వచ్చేది, మళ్ళీ సూది. అందులో స్టెరాయిడ్ ఉందని చాలా కాలం తర్వాత పెద్దాసుపత్రిలో చెప్పారు. నా ముఖం ఉబ్బి గుండ్రంగా అయింది. మా అత్తకు అప్పటికే చక్కెర జబ్బు. ఆ సూదులతో చక్కెర ఎగబాకింది. ఆ జ్వరానికి అప్పుడూ ఇప్పుడూ వైరస్‌ను చంపే మందు లేదు. పారాసెటమాల్, నీళ్ళు, విశ్రాంతి, నొప్పి నిలిచిపోతే తర్వాత డాక్టరు చూసి ఇచ్చే మందులు, వ్యాయామం. కూలి మగ్గం మీద బతికేవాడికి ‘విశ్రాంతి’ అని రాసిచ్చిన చీటీ ఏ కొట్లోనూ చెల్లదు.

పట్టు నేతలో వేళ్ళే ఆస్తి. ఒక పడుగు అయిపోతే కొత్త పడుగు పోగులను పాత పోగులకు ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. వేల పోగులు. మా వీధిలో ఆ పని ఆడవాళ్ళది. నేను చేయి తిరిగినదాన్నే. ఆ ఏడాది నా బొటనవేలూ చూపుడువేలూ కలిపితే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. పోగు వేళ్ళ మధ్య ఉందో లేదో తెలిసేది కాదు. సగం నేసిన చీర మగ్గం మీదే నెలల తరబడి ఉండిపోయింది. ఎలుకలు కొట్టకుండా దుప్పటి కప్పాం. పెళ్ళి ముహూర్తానికి ఇవ్వాల్సిన చీర అది. షావుకారు మంచివాడే, కొన్నాళ్ళు ఆగాడు. ఆ తర్వాత అడ్వాన్సు మాట ఎత్తాడు. ఆయనకూ మా లాంటి మగ్గాలు ఎన్నో ఆగిపోయి ఉన్నాయి. రెండో మగ్గం జకార్డు పెట్టె అమ్మేశాం. అప్పటికి దానికి సగం ధర కూడా రాలేదు, ఎందుకంటే ఆ ఎండాకాలం అమ్మేవాళ్ళే తప్ప కొనేవాళ్ళు లేరు.

మా అత్త లేవలేదు. జ్వరం తగ్గినాక కూడా మంచంలోనే. “అమ్మీ, నన్ను లేపి కూర్చోబెట్టు” అని అడిగేది. నా చేతులతో నేను ఆమెను లేపలేకపోయేదాన్ని. కొడుకు వచ్చేదాకా అలాగే ఉండేది. వీపు మీద పుండ్లు పడ్డాయి. అన్నం వద్దనేది. ఆ ఎండాకాలం దాటకుండానే పోయింది. ముసలితనం వల్ల అని రాసుకున్నారు. జ్వరానికి ముందు రోజు వరకూ రాట్నం తిప్పి కండెలు చుట్టిన మనిషి ఆమె. మా ఇంట్లో ఎవరికంటే ఎక్కువ నడిచే మనిషి. ఆమె ముసలితనం ఒక్క నెలలో ఎక్కడి నుంచి వచ్చిందో రాసినవాళ్ళు ఒకసారి అడిగి ఉండాల్సింది.

ఈ జబ్బు మనిషిని చంపదు, భయపడొద్దు అని ఆ ఏడంతా ప్రచారం చేశారు. ధైర్యం చెప్పాలనే చెప్పి ఉంటారు. కానీ ఆ మాట వల్లే మా బాధ లెక్కలోకి రాలేదు. 2006లో దేశం మొత్తం మీద దాదాపు 13.9 లక్షల మందికి చికున్‌గున్యా అనుమానిత జ్వరం వచ్చిందని ప్రభుత్వ లెక్క. అందులో సగానికి పైగా పక్కనున్న కర్ణాటకలోనే. కొన్ని చోట్ల నూటికి 45 మంది దాకా పడ్డారు. చావులు మాత్రం సున్నా. అదే కాలంలో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో ఈ జబ్బే జనాభాలో మూడో వంతుకు వచ్చింది. అక్కడ మరణ పత్రాల మీద దాని పేరు రాశారు. రెండు వందలకు పైగా చావులు తేలాయి. అహ్మదాబాదులో పరిశోధకులు 2006 మరణాలను అంతకుముందు ఏళ్ళ మరణాలతో పోల్చి చూశారు. జబ్బు ఉధృతంగా ఉన్న నెలల్లో మామూలు కంటే 2,944 చావులు ఎక్కువ. ఆ లెక్క మా మనవడు నాకు చదివి వినిపించిన రోజు మా అత్త గుర్తొచ్చి చాలాసేపు మాట్లాడలేకపోయాను. ఆమె పేరు ఏ జాబితాలోనూ లేదు. అలాంటి వాళ్ళు మా ఊళ్ళోనే ఇంకా ఉన్నారు.

దోమ సంగతి మాకు చూపించింది మలేరియా విభాగం నుంచి వచ్చిన ఒక ఆరోగ్య కార్యకర్త. మా డ్రమ్ములో టార్చిలైటు వేసి, తెల్లటి గిన్నెతో నీళ్ళు ముంచి ఎండలో పెట్టాడు. సన్నటి పురుగులు మెలికలు తిరుగుతూ పైకీ కిందికీ పోతున్నాయి. రోజూ చూసేవే. ఇవే దోమలవుతాయి, గుడ్డు పెట్టినాక వారం పది రోజులు చాలు అన్నాడు. పారబోయమన్నాడు. “పారబోస్తే తాగేదేంది సార్?” అని అడిగాను. జవాబు చెప్పలేక కాసేపు అలాగే నిలబడ్డాడు. ఆ నిలబడటం వల్లే ఆ మనిషి మీద నాకు గౌరవం. మర్నాడు మళ్ళీ వచ్చి తాగని నీళ్ళలో అబేట్ మందు పోశాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. నాకు తెలిసి మొత్తం నివారణలో అదే ముఖ్యం. ఈ దోమ గుడ్లు నీళ్ళలో పెట్టదు, నీటి మట్టానికి కాస్త పైన తడి గోడకు అంటిస్తుంది. నీళ్ళు తగ్గి గోడ ఎండినా గుడ్లు నెలల తరబడి చావవు. మళ్ళీ నీళ్ళు తగిలితే పిల్లలవుతాయి. అందుకని పారబోస్తే చాలదు, పీచు పెట్టి గోడ రుద్దాలి. మా పాత నీళ్ళ మీద కొత్త నీళ్ళు పోసుకునే అలవాటు ఆ గుడ్లను ఎలా తడిపేదో అప్పుడు అర్థమైంది.

పొగ బండి కూడా వచ్చింది. సాయంత్రం వీధి చివర్న మొదలై, తెల్లటి పొగ కక్కుతూ ఈ చివరికి వచ్చేది. పిల్లలు వెంట పరిగెత్తేవాళ్ళు. నాయకులు వెనక నడిచి ఫోటోలు దిగారు. మా దోమ అప్పుడు మగ్గం గుంతలో, మూసిన తలుపుల వెనక ఉంది. ఆ పొగ లోపలికి వచ్చిందెంత? ఎగిరే దోమలు కొన్ని చచ్చినా డ్రమ్ములో పురుగులు అలాగే ఉన్నాయి. పొగ వద్దని అనను. జబ్బు ఊరంతా అంటుకున్నప్పుడు అదీ కావాలి. కానీ పొగ కళ్ళకు కనబడుతుంది, డ్రమ్ము మూత కనబడదు. కనబడే పనికే డబ్బు వస్తుంది.

మా పొదుపు సంఘంలో ఆడవాళ్ళం కూర్చుని మాట్లాడుకున్నప్పుడు ఈ సంగతి అంతా ఒక్క చోటికి వచ్చి ఆగింది. వారానికి ఒక రోజు అన్నీ వంచి, రుద్ది, ఎండబెట్టమంటున్నారు. బాగుంది. వంచిన డ్రమ్ము మళ్ళీ నిండుతుందన్న నమ్మకం ఉంటే ఎవరైనా వంచుతారు. కొళాయి ఏ రోజు వస్తుందో తెలియనప్పుడు ఎవరూ వంచరు. శుభ్రం తెలియక కాదు. కాబట్టి మేం పంచాయతీలో అడిగింది మందు కాదు, పొగ కాదు. నీళ్ళు ఎక్కువ ఇవ్వమని కూడా కాదు. ఇచ్చే ఆ కాసిని నీళ్ళే వారంలో ఫలానా రోజు అని చెప్పి ఇవ్వమన్నాం. ఒప్పించడానికి చాలా తిరగాల్సి వచ్చింది. చివరికి శుక్రవారం ఇవ్వడానికి ఒప్పుకున్నారు. శుక్రవారం మాకు ఎటూ ఇల్లు కడిగే రోజు. కొళాయి రాకముందే పొద్దున్నే తొట్లు, డ్రమ్ములు వంచి పీచుతో రుద్ది ఎండకు పెట్టి, మధ్యాహ్నం కొత్త నీళ్ళు పట్టుకునేవాళ్ళం. ఆ తర్వాత ఏళ్ళలో ప్రభుత్వమే ‘ఫ్రైడే డ్రైడే’ అని మొదలుపెట్టింది, 2016లో ‘దోమలపై దండయాత్ర’ అని ఊరేగింపులు చేయించింది. మంచిదే. వాటితో పాటు కొళాయికి కూడా ఒక రోజు చెప్పిన ఊళ్ళలోనే అవి నిలిచాయని మా చుట్టుపక్కల చూసి చెప్పగలను.

మూతలు మేమే కుట్టుకున్నాం. పాత నూలు చీర రెండు మడతలు వేసి అంచున బొందు ఎక్కిస్తే డ్రమ్ము మెడకు బిగుసుకుంటుంది. మగ్గం గుంత మాత్రం తేలలేదు. పొగ వేద్దామంటే జరీ నల్లబడుతుందని భయం. కిటికీ తీద్దామంటే పోగు ఎండుతుంది. చివరికి నేసేటప్పుడు పాత ప్యాంట్ల కాళ్ళు కత్తిరించి మడమ దాకా తొడుక్కోవడం, నేయనప్పుడు గుంత మీద పలక కప్పడం, లోపల ఒక బల్బు వేలాడదీయడం. ఇవి చిన్న పనులు. నేతగాళ్ళ ఇళ్ళకని ఇంతకంటే మంచి ఉపాయం ఎవరైనా చదువుకున్నవాళ్ళు ఆలోచించాలని ఇప్పటికీ కోరుకుంటున్నాను.

చికున్‌గున్యా మన నేలకు కొత్త జబ్బు కాదట. 1965 ప్రాంతంలో విశాఖపట్నం, రాజమండ్రి, కాకినాడల్లో వచ్చిందట. 1973లో మహారాష్ట్రలోని బార్శిలో వచ్చి, తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా కనబడలేదు. అంత కాలం కనబడకపోయేసరికి దాన్ని గుర్తుపట్టే డాక్టర్లూ తగ్గిపోయారు, ఒంట్లో నిరోధం ఉన్న మనుషులూ తగ్గిపోయారు. టీకా సంగతి కూడా అడిగి తెలుసుకున్నాను. 2023 నవంబరులో అమెరికాలో మొదటిదానికి అనుమతి ఇచ్చారు, తీవ్రమైన దుష్ఫలితాలు బయటపడ్డాయని 2025 ఆగస్టులో అక్కడే ఆపేశారు. మన హైదరాబాదులో భారత్ బయోటెక్ కూడా ఒకదాని మీద పనిచేస్తోంది. అది వచ్చేదాకా మాకు పీచూ మూతా తప్ప వేరే దారి లేదు.

నా చేతులు పూర్తిగా తిరిగి రాలేదు. ఏళ్ళ తరబడి పొద్దున లేచేసరికి వేళ్ళు బిగుసుకుపోయేవి, వేడినీళ్ళలో పెడితేగానీ తెరుచుకునేవి కావు. ప్రభుత్వాసుపత్రిలో ఒక డాక్టరమ్మ మొదటిసారి నా మాట పూర్తిగా విని, ఇది కీళ్ళవాతం పరీక్షల్లో తేలేది కాదమ్మా, ఆ జ్వరం మిగిల్చిందే అని చెప్పింది. నమ్మినందుకే ఆమెకు దండం పెట్టాను. అంతదాకా అందరూ సోమరితనమనే అన్నారు. మా ఆయన మగ్గం వదిలేసి బెంగళూరులో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా చేరాడు. మా ఊరి నేతగాళ్ళు చాలామంది అప్పుడు అలాగే పోయారు. వాళ్ళలో ఎంతమంది ఈ కీళ్ళ వల్ల పోయారో ఎవరూ అడగలేదు.

కూతురు కూడా పెళ్ళై బెంగళూరులోనే ఉంది. పోయిన వానాకాలం జ్వరమని ఫోను చేసింది. ఒళ్ళు నొప్పులకు సూది వేయించుకుంటానంది. వద్దన్నాను. అదే దోమ డెంగీ కూడా తెస్తుంది. డెంగీ కాదని తేలేదాకా నొప్పి సూదులు, నొప్పి మాత్రలు వేసుకుంటే రక్తస్రావం కావచ్చు, పారాసెటమాల్ ఒక్కటే వేసుకో, ఎన్‌ఎస్1 పరీక్ష ఈ రోజే చేయించు, పగలు కూడా దోమతెరలో పడుకో అని చెప్పి రాత్రి బస్సుకు బయల్దేరాను. డెంగీయే. జ్వరం తగ్గిన రోజు అల్లుడు గండం గడిచిందన్నాడు. అప్పుడే జాగ్రత్తగా చూడాలని, కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలో రక్తం, మగత కనబడితే ఆసుపత్రికి పరిగెత్తాలని నేను పక్కనే కూర్చున్నాను. గంటగంటకూ ఓఆర్ఎస్, మజ్జిగ తాగించాను. పిల్ల కోలుకుంది.

వాళ్ళ గోడ అవతల పెద్ద కట్టడం లేస్తోంది. రేకుల షెడ్లలో కూలీలు, వాళ్ళలో సగం మంది కర్నూలు వైపు నుంచి వచ్చినవాళ్ళే. షెడ్ల ముందు మూతల్లేని నీలం డ్రమ్ములు, ట్యాంకరు నీళ్ళు. ఒక డ్రమ్ములో చూశాను, పురుగులున్నాయి. అక్కడి ఆడవాళ్ళకు పీచుతో ఎక్కడ రుద్దాలో చూపించాను. వాళ్ళు విన్నారు. ట్యాంకరు ఏ రోజు వస్తుందో మాత్రం వాళ్ళ చేతిలో లేదు. సూపర్‌వైజరును అడిగితే మూతలు తెప్పిస్తానన్నాడు, ట్యాంకరుకు వారంలో ఒక రోజు ఖాయం చేయడం కుదరదన్నాడు. మా అమ్మాయి, అపార్టుమెంటులో మరి కొందరు ఆడవాళ్ళు కలిసి ఆ బిల్డరుకు కాగితం రాసి ఇచ్చారు. మూతలు వచ్చాయి. ట్యాంకరు సంగతి ఇంకా అడుగుతున్నారు.